అడుగు దూరంలో బంతి

రాఘవా,

నువ్వు పోయాక మొదటిసారి, మన హేస్ ఊరి మిత్రుల శనివారం గోల్ఫ్‌లో నీ బదులు నీ భార్య సుజాత ఆడింది. పోటీ నాతోనే. చివరి గుంటకు అడుగు దూరంలో ఆమె బంతి ఆగింది. పడితే ఆట సమం. అంత దగ్గరుంటే "పడినట్టే, తీసెయ్" అనడం మనలో మర్యాద. ఇన్నేళ్లలో నువ్వు నాకు ఒక్కసారీ ఆ మాట అనలేదు. "కొట్టి చూపించవోయ్" అంటూ నలుగురిలో నవ్వేవాడివి.

ఆ కక్షతోనే ఆమెతో, "కొట్టి చూపించమ్మా" అన్నాను.

ఆమె కొట్టింది. బంతి పక్కకు పోయింది. నేను గెలిచాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

సుజాత మాత్రం నవ్వుతూ చెయ్యి అందించింది. "జాలిపడి వదిలేస్తారేమోనని భయపడ్డాను అన్నయ్యగారూ. ఆయనతో ఆడినట్టే ఆడారు. వచ్చే శనివారం కూడా మీతోనే ఆడతాను."

మోకాలు నొప్పి, ఇక రాలేనని చెప్పి వచ్చేశాను.