గడప లేని గుమ్మం

తార్నాక, హైదరాబాద్.
8 జూన్ 2025, ఆదివారం.

ప్రియమైన హన్నాకి,

పద్మశ్రీ ప్రేమతో రాయునది. ఇక్కడ మేమందరం కులాసా. నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తాను అని రాయాలి మామూలుగా. రాయను. నువ్వెలా ఉన్నావో నీ నోట విని ఏడాది దాటింది. ఫోన్ ఎత్తవు. వాట్సాప్‌లో పంపినవన్నీ చూస్తావు, నీలం టిక్కులు పడతాయి, అంతటితో సరి. అందుకే ఉత్తరం. దీన్ని ఫోన్‌లా కట్ చేయలేవు, మహా అయితే చించగలవు. చించే ముందు చదువుతావని నాకు తెలుసు. బజ్జీల పొట్లం కాగితాన్ని కూడా చదవకుండా పారేసే మనిషివి కావు నువ్వు.

రెండు వారాల కింద మీ ఆరోన్ అన్నయ్య ఫోన్ చేశాడు. యూనివర్సిటీలో మన బోటనీ డిపార్ట్‌మెంట్ నుంచి నీకు లెక్చరర్‌గా ఆర్డర్ వచ్చిందట. ఈ నెలాఖరులోగా చేరాలట. నేను ఎగిరి గంతేశాను. ఆయన గొంతులో మాత్రం సంతోషం లేదు. ఏమైందన్నయ్యా అంటే, వెళ్లనంటోందమ్మా, ఈ చక్రాల కుర్చీ పట్టే ఇల్లు హైదరాబాద్‌లో నాకెవరిస్తారు, ఇక్కడే నరసాపురంలో నీ ఇంట్లో ఓ మూల పడి ఉంటాను అంటోంది అన్నాడు.

మూల పడి ఉంటావా? నువ్వా? రెండేళ్ల కింద నందిగామ దగ్గర బస్సు బోల్తా పడి నీ కాళ్లలో సత్తువ పోయిందే గానీ నీ బుర్రకేమైందే?

హాస్టల్లో మనకిచ్చిన గది గుర్తుందా? ఆసుపత్రి వార్డులా ఉండేది. వారం తిరగకుండా మీ అమ్మ పాత వాయిల్ చీరలు కిటికీలకి ఎక్కించావు. ఇనుప బీరువాకి చిలకాకుపచ్చ రంగు కొట్టావు. వార్డెన్ వచ్చి తిట్టి తిట్టి అలిసిపోయి, చివరికి ఆ రంగు డబ్బా ఎక్కడ కొన్నావని అడిగి వెళ్లింది. గోడకి క్రీమ్ రంగు వేసుకునేవాళ్లకి ఏ విషయం మీదా ఓ అభిప్రాయం ఉండదే అని నన్ను ఏడిపించేదానివి. మా ఇల్లు ఇప్పటికీ గేటు నుంచి పెరడు దాకా క్రీమ్ రంగే. నువ్వు పక్కన లేకపోతే నా గతి అంతే.

ఇక అసలు సంగతి. ఇల్లెక్కడుంది అన్నావట కదా, ఇదుగో ఇక్కడుంది. మా వరండా పక్క గది నీది. మొదట్లో అది మామయ్య గది. ఆయన పోయాక పాప ఊయల అక్కడికి చేరింది. పాపకి వేరే గది వచ్చాక, మా ఆయన భూపాల్ ఏనాటికైనా పనికొస్తాయని దాచిన అట్టపెట్టెలు పేరుకున్నాయి. పెళ్లయిన దగ్గర్నుంచి ఏదీ పారేయనివ్వని మనిషి, నీ పేరు చెప్పగానే కిక్కురుమనకుండా పాతసామాన్ల వాణ్ణి పిలిచాడు.

ఏమేం మార్చాలో తెలియక, భూపాల్ లాలాపేట్‌లో ఒక చర్చి వాళ్లనడిగి వీల్‌చైర్ తెచ్చాడు. ముందు నేను కూర్చున్నాను. ఒట్టేసి చెప్తున్నాను హన్నా, ఇన్నేళ్లుగా ఉంటున్న ఇల్లు అందులోంచి చూస్తే ఎవరిదో అనిపించింది. స్విచ్చులన్నీ అటక మీదున్నట్టే ఉన్నాయి. ఎంతో ముచ్చటపడి తగిలించుకున్న చేర్యాల బొమ్మలు నిలబడ్డ వాళ్లకే కనిపిస్తాయి, కూర్చున్న మనిషికి మిగిలేది ఒట్టి గోడ. బాత్‌రూమ్ తలుపులో కుర్చీ ఇరుక్కుంటే నన్ను వెనక్కి లాగలేక భూపాల్ చెమటలు కక్కాడు. నువ్వు రోజూ ఇలాగే కదా బతుకుతున్నావు అనుకుంటే ఏడుపొచ్చింది. ఏడిస్తే నీకు కోపమొస్తుందని గుర్తొచ్చి మానేశాను.

తర్వాత పాప ఎక్కింది, దిగనని మారాం చేసింది. చివరికి మా అత్తమ్మ సారలమ్మ, నేను గూడ కూసుంట అంది. భూపాల్ ఆమెను వరండాలో ఒక చుట్టు తిప్పాడు. తిరిగి లోపలికి తెస్తుంటే ముందు చక్రాలు గడపకి తగిలి ఆగిపోయాయి. ఇంతలో ఆఫీసు నుంచి ఫోన్ వస్తే మాట్లాడుతూ అతను లోపలికి వచ్చేశాడు. హాల్లో వడ్రంగి వెంకటనర్సయ్యకి చాయ్ పోస్తూ, కబుర్లలో పడి నేనూ ఆమెను మర్చిపోయాను. గుర్తొచ్చి చూస్తే గడప అవతల అలాగే కూర్చుని మమ్మల్నే చూస్తోంది. నడవగలిగిన మనిషి, లేచి రావచ్చు. రాలేదు. మేం నవ్వాం, ఆమె నవ్వలేదు. రాత్రి అన్నం వద్దంది. నేనైతే అలిగిందనుకున్నాను.

ఆ గడప సంగతి నీకు చెప్పాలా? మామయ్య టేకుతో చేయించింది. శుక్రవారం వచ్చిందంటే అత్తమ్మ దానికి పసుపు రాసి, బొట్లు పెట్టిగానీ నోట్లో చాయ్ చుక్క పోసుకోదు. నా పెళ్లయిన కొత్తలో నువ్వు పూతరేకులు పట్టుకుని మొదటిసారి వచ్చావు. మీరేమిట్లు అని నీ కులం అడిగింది ఆమె. నువ్వు దాచకుండా చెప్పావు. అంతే, లోపట పూజ ఉన్నది బిడ్డా అని వరండాలో కుర్చీ వేసి, వేరే గ్లాసులో చాయ్ ఇచ్చింది. ఆ రోజు ఇంట్లో ఏ పూజా లేదని మన ఇద్దరికీ తెలుసు. నువ్వు నవ్వుతూనే తాగావు. తర్వాత ఎన్నిసార్లు వచ్చినా గేటు దగ్గర స్కూటీ మీదే కూర్చుని హారన్ కొట్టేదానివి. నేను ఆమెతో తేల్చుకుంటానంటే నువ్వే ఆపావు, ఓ గ్లాసు టీ కోసం నీ కాపురంలో నిప్పులెందుకు పోసుకుంటావే అని.

ఆ గడప ఇప్పుడు లేదు. నేనే తీయించేశాను. అత్తమ్మను ఎలా ఒప్పించానని అడగకు. ఎలుకలు రావా అని భూపాల్ అడిగాడు. తలుపుకి కింద రబ్బరు పట్టీ వేయించి అతని నోరు మూయించాను. ఇప్పుడు గేటు నుంచి నీ మంచం దాకా కుర్చీ ఎక్కడా ఆగదు, నేనే తిరిగి చూశాను. బాత్‌రూమ్‌కి పక్కకి జరిగే తలుపు పెట్టించాం. పట్టుకోవడానికి గోడకి స్టీలు కడ్డీలు బిగించాం. స్విచ్చులూ బొమ్మలూ కిందికి దిగాయి. ఇగ వంగి వంగి నా నడుం పోతది అని భూపాల్ సణుగుతున్నాడు. పోతే పోనీ, నీకూ ఒక కుర్చీ కొందాం అన్నాను. ఇలాంటి మాటకి నువ్వయితే పడీ పడీ నవ్వేదానివి. ఇక్కడ ఎవరూ నవ్వలేదు.

నీ గదిలో మూడు గోడలకి రంగు వేయించాను. కిటికీ ఎదురు గోడ మాత్రం తెల్ల ప్రైమర్‌తో వదిలేశాను. పెయింటర్ రోజూ ఫోన్ చేసి, ఏం కలర్ మేడం, జల్దీ చెప్పున్రి అంటున్నాడు. ఆ గోడకి రంగు చెప్పాల్సింది నేను కాదు.

నీ మీద జాలితో పిలుస్తున్నానని మాత్రం అనుకోకు. నా కోసమే పిలుస్తున్నాను. రోజూ లైబ్రరీలో డ్యూటీకి క్యాంపస్ లోంచే నడిచి వెళ్తాను. మొన్నటి వానకి ఆర్ట్స్ కాలేజీ రోడ్డు నిండా తురాయి పూలు రాలాయి. ఎవరికి చూపించాలో తోచలేదు. ఫోటో తీసి నీకు పంపాను, నువ్వు చూశావు కూడా. హాస్టల్ ముందు నుంచి వెళ్తూ మన కిటికీ వంక చూస్తాను. ఇప్పుడున్న పిల్లలెవరో దుప్పటి కట్టుకున్నారు, అదీ వంకరగా. నువ్వుంటే ఆ పిల్లల్ని పిలిచి మరీ తిట్టేదానివి. నాకు ఇల్లుంది, మొగుడున్నాడు, పాప ఉంది, దేనికీ లోటు లేదు. అయినా నువ్వు లేక బెంగగా ఉందే. ఎదురుగా కూర్చుని, పద్మా నీకు బుద్ధి లేదు అనే మనిషి లేకపోతే రోజులు చప్పగా వెళ్లిపోతున్నాయి.

క్లాసులన్నీ కింది అంతస్తులోనే వేస్తామని హెడ్ గారు నాతో అన్నారు. నా ఇల్లు నచ్చకపోతే నెల తర్వాత వేరే ఇల్లు చూసుకో, నేనే తోడొచ్చి వెతుకుతాను. ముందు రా. అన్నయ్యకి, వదినకి నా నమస్కారాలు చెప్పు. రాకపోతే మాత్రం నేనే నరసాపురం వచ్చి నీ మూలలో చాప వేసుకుని పడుకుంటాను.

నీ కోసం చూస్తూ,
నీ
పద్మ

తా.క. పై ఉత్తరమంతా అత్తమ్మ పక్కన కూర్చుని చదివించుకుని మరీ విన్నది. విని, ఇప్పుడే మెట్టుగూడలో మా ఆడబిడ్డ ఇంటికి బయల్దేరింది. కాబట్టి నిజం రాస్తున్నాను. గడప నేను తీయించలేదు. నాకంత ధైర్యమెక్కడిది? గడప మీదికి ఏటవాలుగా ఒక చెక్క వేయిద్దామనే అనుకున్నాను. కుర్చీలో కూర్చున్న మర్నాడు పొద్దున అత్తమ్మ వరండాలో నిలబడి, ఆ పిల్ల గప్పుడు గీడనే గదనే కూసున్నది అని అడిగింది. అవునన్నాను. సాయంత్రం నేను లైబ్రరీ నుంచి వచ్చేసరికి వెంకటనర్సయ్య గడప కోసి తీసి వాకిట్లో పెట్టాడు, ఆమె దగ్గర నిలబడి చేయిస్తోంది. చెక్క వేస్తే సరిపోయేది కదా అత్తమ్మా అన్నాను. చెక్క మీదికెల్లి ఎక్కుడు దిగుడు సుట్టాలకు, ఇంట్ల మనిషి సక్కగ లోపటికి రావాలె అంది. పక్కింటి రాములమ్మ వచ్చి, గడప లేకుంటే పసుపు యాడ రాస్తవక్కా అంటే, నేలకు రాస్త, పసుపు బండికి అడ్డమొస్తదా ఏంది అంది. అన్నట్టే మొన్న శుక్రవారం నేలకే రాసింది.

నేను తీపిచ్చిన్నని రాయకు, నా మీది కోపంతోని ఆ పిల్ల రాకుంటే ఎట్ల, నువ్వే తీపిచ్చినవని రాయి అని నాతో ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు ఇదుగో తప్పాను. అబద్ధం చెప్పి నిన్ను ఈ ఇంట్లోకి పిలవలేను. ఆమెను క్షమించమని కూడా అడగను, అది నీ ఇష్టం. కోపముంటే దాన్నీ వెంట తెచ్చుకో. లోపల కూర్చునే పోట్లాడుకోండి.