మిలాదా గారి బల్ల మీద కొలువు

వాల్డార్ఫ్, జర్మనీ

పిన్నీ,

చదివి నవ్వకు. మా ఆఫీసు శ్రీచరణ్ వచ్చే వారం హైదరాబాద్ నుంచి తిరిగొస్తున్నాడు. అతని పెట్టెలో నా చిన్నప్పటి లక్కపిడతలు పెట్టి పంపు. ఎందుకో చెబుతాను.

మా కింది వాటాలో మిలాదా గారని ఎనభై రెండేళ్ల చెక్ దేశపు ఆవిడ ఉంటారు. యాభై ఏళ్లుగా కథలు రాసి, బొమ్మల్ని కొద్దికొద్దిగా జరుపుతూ ఒక్కో ఫొటో తీసి సినిమాలు చేశారు. ఇప్పుడు భోజనాల బల్ల మీద తన జీవితమే తీస్తున్నారు. రోజంతా కష్టపడితే తెర మీద నాలుగు సెకన్లు. కథ చివర కూడా ముసలి బొమ్మ ఒక్కర్తే కూర్చుని భోంచేస్తుంది.

మొన్న డాక్టర్ దగ్గర టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, ఉందని వెళ్తూ, మొక్కలకు నీళ్లు పొయ్యమని నాకు తాళం ఇచ్చారు. బల్ల నిండా బొమ్మలు, దుమ్ము. నా చేతులు ఊరుకుంటాయా? దులిపి, పుస్తకాలతో మెట్లు కట్టి, దసరా కొలువులా ఎత్తు ప్రకారం పేర్చేశాను. వెంట్రుకవాసి కదలకూడని బొమ్మలట అవి. రెండు వారాల షూటింగ్ పోయింది.

ఆవిడ వచ్చి ఒక్కో మెట్టూ వంగి చూశారు. తర్వాత కుర్చీ పట్టుకుని పడీపడీ నవ్వారు. "నా స్క్రిప్టు మార్చే ధైర్యం ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు. నువ్వూ సినిమాలోకి వచ్చెయ్," అన్నారు.

ఇప్పుడు నాకు జానెడు బొమ్మ ఉంది, జడతో సహా. ఆఫీసు అయ్యాక వెళ్లి నా చెయ్యి నేనే జరుపుకుంటున్నాను. నిన్నటికి ముసలి బొమ్మ ఇంటి తలుపు తట్టడానికి చెయ్యి ఎత్తాను. తలుపు తెరుచుకోవడానికి ఇంకా పది రోజులు పడుతుంది. లోపలికి వెళ్లగానే నా లక్కపిడతల్లో వంట మొదలుపెట్టాలి. పాపం, నలభై సీన్లుగా ఒక్కర్తే తింటోంది.

ఇట్లు,
తలుపు బయట చెయ్యి ఎత్తి నిలబడ్డ
నీ అమ్మాయి