శివమ్మ పాడిన పేరు

పటాన్‌చెరు నుంచి

లక్ష్మక్కకు తమ్ముడు సంగప్ప దండాలు పెట్టి రాసేది. నువ్వు, బావ, పిల్లలు అందరూ బాగున్నారని అనుకుంటున్నాను. మేమిక్కడ బాగున్నాం. ఈ మాట నిన్ను ఊరడించడానికి రాయడం లేదు, ఈసారి నిజంగానే బాగున్నాం. ఫోన్‌లో చెబుదామంటే సగంలోనే నాకు ఏడుపొస్తుంది, అందుకే కాగితం పట్టుకున్నాను.

ఫ్యాక్టరీ గేటు దగ్గర పని బాగానే ఉంది, పగటి డ్యూటీ ఇచ్చారు. ఎండ మన నారాయణఖేడ్ ఎండే, కాకపోతే ఇక్కడ దాంతోపాటు పొగ కూడా మింగాలి. జొన్న రొట్టెలు నేనే చేస్తున్నాను. అవి గుండ్రంగా ఎప్పుడొస్తాయో దేవుడికే తెలియాలి. వాటిని చూసి నీ మరదలు శివమ్మ మూతి తిప్పుతుంది. పక్షవాతం ఆమె కుడి చేతిని, మాటను పట్టుకుపోయింది గానీ, మూతి తిప్పడం మాత్రం ఆమెకే వదిలేసింది.

దవాఖానలో మాట నేర్పే అమ్మాయి మొన్నామధ్య నన్ను చూపించి, ఈయన పేరేమిటని శివమ్మను అడిగింది. శివమ్మ తల దించుకుంది. పేర్లు గుర్తులేవేమో అంది ఆ అమ్మాయి. నన్నే మరిచిపోయిందనుకుని, ఇంటికి రాగానే నీకు ఫోన్ చేశాను. ఆ సంగతి నీకు చెప్పినప్పుడు నువ్వు పెట్టిన చివాట్లు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి.

"ఏం మనిషివిరా నువ్వు? మొగని పేరు అది ఎన్నడన్న చెప్పిందా? పెండ్లిల గడప కాడ ఆపితే పాటల పెట్టి చెప్పింది, గంతే."

మళ్లీ వెళ్లినప్పుడు ఆ మాటే ఆ అమ్మాయికి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుంది. మాట పుట్టే చోటు మెదడులో ఎక్కువమందికి ఎడమ పక్కన ఉంటుందట, శివమ్మకు దెబ్బ తగిలింది అక్కడే. పాట మాత్రం రెండు పక్కలా పరుచుకుని ఉంటుందట. అందుకే మాట రాని కొందరు పాడగలుగుతారట. అందరికీ ఇది పనిచేయదని కూడా ముందే చెప్పింది. శివమ్మ ఎడమ చేతిని బల్ల మీద మెల్లగా తట్టిస్తూ, నన్ను ఆ పెండ్లినాటి గడప పాట ఎత్తుకోమంది. నా గొంతు సంగతి నీకు తెలుసు. అయినా సిగ్గు విడిచి ఎత్తుకున్నాను. రెండో వరుసకల్లా శివమ్మ అందుకుంది.

"కంది పూసె గట్టు కాడ, కంకి వంగె చేను కాడ, సంగప్ప ఇంటి గడప కాడ సల్లంగ నిలుచుంటి."

నీళ్లు అనే చిన్న మాట రాని నోటి నుంచి, అక్కా, పాటంతా తెగకుండా వచ్చింది. నా పేరు కూడా వచ్చింది. పాట కాగానే సిగ్గుపడి ఎడమ చేత్తో నోరు మూసుకుంది. ఇంతే ఉన్న తలకాయలో దేవుడు ఎన్ని దారులు పెట్టాడో కదా. నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

ఇప్పుడు "నీళ్లు కావాలె" అన్నదాన్ని రాగంలో పెట్టి నేర్పిస్తున్నారు. ఒక రోజు వస్తుంది, ఒక రోజు రాదు. రాని రోజు కోపంతో గ్లాసు తోసేస్తుంది. నువ్వు బెంగపెట్టుకోకు, మేము బాగున్నాం. కలుపు తీసేటప్పుడు నువ్వూ శివమ్మా పాడుకునే పాటలు ఫోన్‌లోకి పాడి పంపించు. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త జొన్న పిండి పంపు. బావకు, మన వాడకట్టు పెద్దలందరికీ నా దండాలు చెప్పు.

నిన్న పొద్దున రొట్టె కాలుస్తుంటే వెనక మంచం మీద చేత్తో తడుతున్న చప్పుడైంది. తర్వాత "ఇగో, ఇంటున్నవా" అని శివమ్మ సాగదీసి పాడింది. పెండ్లయిన నాటి నుంచి నన్ను ఆమె పిలిచే పిలుపే అది, పక్షవాతం వచ్చాక మళ్లీ వినలేదు. రొట్టె పెనం మీదే వదిలేసి, వింటున్నానని నేనూ సాగదీసి పాడానక్కా.

మీ ఇద్దరి దీవెన మా మీద ఉండాలి.

నీ తమ్ముడు
సంగప్ప