గడప ముందు నలభై ఒకటో బొరియ

వన సంరక్షణాధికారి గారి సముఖమునకు, మట్టిగట్టు కాపలాదారు వ్రాసుకొను అర్జీ.

విషయం: నా క్వార్టరు తలుపుకు వేసిన సీలు వలన లోపల చిక్కుకున్న మా అమ్మను బయటకు రానిచ్చుట గురించి.

అయ్యా,

1. తమ ఉత్తర్వు ప్రకారం గట్టుపైనున్న అరుదైన మూత సాలీళ్ల బొరియలను లెక్కించి, ఒక్కోదాని పక్కన ఎర్ర జెండా పాతితిని. ఈ సాలీడు బొరియకు మట్టితో మూత చేసి, ఒక అంచున దారంతో బందు వేసి, పైన నాచు అంటించి లోపల కూర్చుండును. పక్కనే నిలబడినా కనబడదు. రెండు నెలలు నేల మీద బోర్లా పడుకొని వెదకగా నలభై దొరికినవి.

2. నలభై ఒకటవది నా గడప ముందే కనబడినది. నోరు మూసుకొనియున్నచో ఎవరికీ తెలిసేది కాదు. కాని జెండా పాతి, నివేదిక కూడా పంపితిని. చేతులారా చేసుకొంటిని.

3. బొరియకు ఆరడుగుల లోపు ఎవరూ అడుగు పెట్టరాదని నిబంధన. కావున సిబ్బంది వచ్చి నా తలుపుకే సీలు వేసిరి. అప్పుడు నేను గట్టు మీద ఉంటిని. మా అమ్మ లోపల నిద్రపోవుచుండెను.

4. తమ ఆఫీసు గుమాస్తా గారిని అడుగగా, "తలుపు తీసే రూలు లేదయ్యా. కిటికీకి అడ్డమేముంది?" అన్నారు. ఊచ ఒకటి పీకి, పంతొమ్మిది రోజులుగా నేను కిటికీలోంచే దొంగలా వచ్చిపోతున్నాను. అమ్మకు డెబ్బై ఆరేళ్లు, మోకాళ్లు వంగవు. ఈ గురువారం ఆమెకు కంటి ఆపరేషన్. ఇది తప్పితే మళ్లీ నాలుగు నెలలకు గాని పిలవరు, అందాకా చూపు నిలవదని డాక్టరు తేల్చి చెప్పేశారు. నాకు భయంగా ఉందయ్యా.

5. సాలీడును తవ్వి తీయమని కోరుట లేదు. ఆడ సాలీడు బతికినన్నాళ్లూ ఒకే బొరియలో ఉండును, కదిపితే దక్కడం కష్టం. ఈ మాట చెప్పగానే అమ్మ, "దాని కొంప కూల్చి నా కళ్లు బాగుచేయించకురా" అంది. కావున వెనక గోడకు చిన్న తలుపు పెట్టుకొనుటకు బుధవారంలోగా అనుమతి దయచేయించవలెనని, కిటికీలో కూర్చొని వ్రాసిన ఈ మనవిని తమరు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మట్టిగట్టు కాపలాదారు

తా.క.: దీన్ని కవర్లో పెడుతుంటే వంటగదిలో చప్పుడైంది. వెళ్లి చూస్తే అమ్మ అట్లకాడతో వెనక గోడ గోకుతోంది. "నువ్వు రాసుకో నాయనా, నేను తవ్వుకుంటా" అంది. అప్పటికే రెండిటుకలు ఊడాయి. గునపం తెచ్చి నేనూ ఓ చెయ్యి వేశాను. గురువారం పొద్దున్నే ఆసుపత్రిలో ఉంటాం. మీ సీలు చెక్కుచెదరలేదు, వచ్చి చూసుకోండి. గోడ కన్నం పక్కన కూడా ఎర్ర జెండా పాతాను. నలభై రెండు అని రాసుకోండి. దానికి ఆరడుగుల లోపు మీ సిబ్బంది అడుగు పెట్టరాదు.