చాపా, దిండూ

అక్కా,

"పడుకుని చేసేది కూడా వ్యాయామమేనటే?" అని ఫోనులో తెగ నవ్వావు కదా. నేనూ అలాగే అనుకుని మొదటి రోజు పిలాటిస్ క్లాసుకి చాపతో పాటు దిండు కూడా పట్టుకెళ్లాను. టీచరమ్మ అది చూసి, "నిద్రకి కాదమ్మా, నడుముకి!" అంది.

నడకతో కాళ్లు గట్టిపడ్డాయి గానీ నడుము నొప్పి పోలేదు. జిమ్‌లో బరువులెత్తితే ఇంకా పట్టేసింది. ఈ క్లాసులో ఊపిరి వదులుతూ, పొట్ట లోపలికి బిగించి, కాలో చెయ్యో మెల్లగా కదపాలి. చూసేవాళ్లకి ఏమీ కనిపించదు, చేసేవాళ్లకి చెమటలు పడతాయి. ఒళ్లు మాత్రం తగ్గలేదు. ఆ పని నడకకే వదిలేశాను.

నిన్న గోడ పట్టుకోకుండా నేల మీంచి లేచాను. మీ మరిది పేపరు దించి, "చెయ్యి ఇమ్మని పిలవలేదేం?" అని బెంగపడ్డారు.

బస్సులో కూర్చోలేక రెండేళ్లుగా నీ దగ్గరికి రాలేదు. నీ నడుమూ అంతే కాబట్టి నువ్వూ రాలేదు. ఆదివారం పొద్దున బస్సుకి వస్తున్నాను. ఈలోపు నీ డాక్టరు గారిని ఒక మాట అడిగి ఉంచు. నా చాప నేను తెచ్చుకుంటాను, పక్కనే నీదీ పరుచు. దిండు మాత్రం దాచెయ్.

నీ చెల్లి