సొన మచ్చల జాతి

నూజివీడు

అన్నయ్యకు,

యశస్విని నమస్కారాలు. ఇక్కడ అమ్మా నాన్నా క్షేమం. నేనూ క్షేమమే, ఒళ్ళంతా కోపం తప్ప. ఫోన్ చేద్దామనుకున్నాను. నాకు కోపం వస్తే నువ్వు నవ్వుతావు, నువ్వు నవ్వితే నాకు ఏడుపొస్తుంది. అందుకని కాగితం పట్టుకున్నాను.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. ఈ ఏడు మామిడి పూత బాగానే వచ్చింది కానీ, కాయ ముదిరే వేళకి గాలివాన కొట్టి సగం రాల్చింది. అమ్మ మోకాలి నొప్పి అలాగే ఉంది. నువ్వు పంపిన తైలం మూత తీయకుండా దేవుడి అలమరలో భద్రంగా దాచింది. కూలీలు దొరక్క నాన్న అవస్థ పడుతుంటే, రోజూ ఆయనతో పాటు నేనూ తోటకి వెళ్తున్నాను. అచ్చుకి ఇచ్చే ముందు తెలుగు సరిచూడమని పంపిన నీ పుస్తకం కూడా అందింది.

నాన్న కళ్ళజోడు పెట్టుకుని మరీ తిరగేశాడు.

"ఏంటమ్మా ఇది? కథలా?"

"ఆట నాన్నా. నలుగురూ కూర్చుని పాచికలేస్తూ కథ అల్లుకుంటారు. ముందు ఎవరికి వాళ్ళు ఏ జాతిలో పుట్టాలో ఎంచుకోవాలి. ఆ జాతులన్నీ ఇందులో ఉన్నాయి."

"పుట్టే జాతి మనమే ఎంచుకోవచ్చా? భలే ఆటే!" అని కొట్టుకి వెళ్ళిపోయాడు.

నాకూ మొదట ముచ్చటేసింది. రెక్కల మనుషులు, నీటి అడుగున కాపురాలు చేసేవాళ్ళు, మన నాన్న ముక్కుతో ఉన్న వర్తక జాతి. నవ్వుకుంటూ పేజీలు తిప్పాను. కొమ్మజాతి దగ్గర నవ్వు ఆగిపోయింది. నువ్వు రాసిందే నీకు మళ్ళీ చదివి వినిపిస్తున్నాను. ‘వీరికి బలం ఎక్కువ, బుద్ధి తక్కువ. పుట్టుకతోనే చేతుల మీద నల్లమచ్చలు ఉంటాయి. యజమాని మాట దాటరు. మంత్రవిద్య వీరికి పట్టుబడదు.’

బొమ్మలో ఈటె పట్టుకుని నిలబడ్డ ముసలాయన ఎవరన్నయ్యా? మన తోటలో చిన్నప్పటి నుంచీ కాయ కోస్తున్న వీరయ్య కాదూ? ఆయన చేతిలో ఉన్నది ఈటె కూడా కాదు, కాయ కోసే చిక్కం కర్ర.

పుట్టుకతో మచ్చలట! నువ్వు హాస్టల్ నుంచి వేసవి సెలవులకే వచ్చేవాడివి. వచ్చినప్పుడల్లా వాళ్ళ చేతులు అలాగే కనిపించేవి, పుట్టుమచ్చలనుకున్నావు. అది సొన. తొడిమ తెగగానే చిమ్మి చర్మాన్ని కాలుస్తుంది. వానలు పడ్డాక తోలు ఊడి మెల్లగా తగ్గుతుంది. ఏ తల్లీ ఆ మచ్చలతో బిడ్డని కనదు. ఒక్కసారి శ్రావణంలో వచ్చి ఆ చేతులు చూసుంటే తెలిసేది. ఇంతకీ ఇప్పుడు నా చేతులు కూడా అలాగే ఉన్నాయి. మోచేతి దాకా నల్లగా కాలాయి. మరి నన్ను ఏ జాతిలో వేస్తావు?

అన్నింటికన్నా మండిపోయింది ఎక్కడో చెప్పనా? ఈ ఆట మొదలైంది మన తోటలో. వీరయ్య కొడుకు సురేష్, నువ్వు, నేను. రాలిన పిందెలు మనకి సైన్యం. సురేష్ రాజు, నువ్వు మంత్రివి, నన్నేమో కోట కాపలాకి పెట్టేవాళ్ళు. ఆ రెక్కల మనుషులు సురేష్ అల్లిన కథ కాదూ? వాడి కథ కావలసి వచ్చింది, వాడికి బుద్ధి మాత్రం తక్కువైందా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఇదే. నీ మీద అసహ్యం వేసింది. ఈ మాట రాసి కొట్టేద్దామనుకున్నాను, కొట్టేయడం లేదు.

తెలుగు సరిచూశాను. అచ్చుతప్పులు లేవు.

చివరి పేజీలో ఇంకో నియమం పెట్టావు. ‘వర్తక జాతికీ కొమ్మజాతికీ పుట్టిన సంతానానికి ఇరువైపుల శక్తులూ రావు. ఏ ఊరూ వారిని తనవారనదు.’ అది చదివి పుస్తకం గోడకేసి కొట్టాను. అమ్మ పరిగెత్తుకొచ్చింది. బల్లిని కొట్టానని చెప్పాను.

ఎందుకు కొట్టానో ఇంకా ఎవరికీ తెలియదు. నీకే మొదట చెప్తున్నాను. సురేష్ ఇప్పుడు నీకు బావ. పోయిన నెల రిజిస్టర్ పెళ్ళి చేసుకున్నాం. వీరయ్యని ఇక పేరు పెట్టి పిలవకూడదు, ఆయన మా మామగారు. నాకు మూడో నెల. పొద్దస్తమానం పచ్చి మామిడికాయ ఉప్పుకారం అద్దుకుని తింటున్నా ఈ ఊళ్ళో ఎవరికీ అనుమానం రాలేదు. ఇక్కడ అందరూ తినేది అదే కదా.

వచ్చే ఆదివారం నాన్నకి చెప్పబోతున్నాను. భయంగా ఉంది. పెద్దగా అరుస్తాడు, ఇంట్లోంచి పొమ్మని కూడా అంటాడు. అప్పుడు నా పక్కన నువ్వుంటావని ఇన్నాళ్ళూ ధైర్యంగా ఉన్నాను. అరిచే నాన్నకి భయపడ్డాను కానీ, నీకు భయపడాలని ఈ పుస్తకం వచ్చేదాకా నాకు తెలియదు.

మార్గశిరానికి బిడ్డ పుడుతుంది. ఏ జాతిలో పుట్టాలో దానికి ఎంచుకునే వీలు లేదు. పుట్టాక మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి చెవులు కుట్టించాలి. మనింట్లో నీకూ నాకూ అలాగే కుట్టించారు. నా బిడ్డకి ఉన్నది ఒక్కడే మేనమామ.

ఆదివారం వచ్చేట్టయితే ఆ రెండు పేజీలూ తీసేసి రా. తీయకపోతే రావద్దు. చెవులు మా మామగారి ఒళ్ళో కుట్టిస్తాను. మచ్చలున్న చేతులే అయినా, ఏడ్చే బిడ్డని గట్టిగా పట్టుకుంటాయి.

ఇట్లు,
నీ కోట కాపలాకి నిలబడ్డ చెల్లెలు
యశస్విని