మందు అలవాటుందా?

కోయంబత్తూరు,
22 ఆగస్టు 2025, శుక్రవారం.

చిరంజీవి సౌభాగ్యవతి చారులతకు,

మేనమామ పళనిసామి దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ అత్త రాజమ్మాళూ బాగానే ఉన్నాం. అక్కడ మదురైలో నువ్వూ, అల్లుడు కణ్ణనూ, పాపా, మా అక్కా క్షేమమని తలుస్తాను. అక్క మోకాళ్ల నొప్పి తగ్గిందా? నీ కోపం మాత్రం క్షేమమేనని తెలుసు. పదిహేను రోజుల్లో ఆరుసార్లు ఫోను చేశాను, ఒక్కసారీ ఎత్తలేదు. అంత కోపం మోయాలంటే ఒంట్లో సత్తువ ఉండాలి కదా, ఆ మాత్రం బాగున్నావులే అనుకుని ఊరుకున్నాను.

నువ్వు పంపిన కాగితం నా షాపులో, మోటారు కాయిళ్లు చుట్టే బల్ల మీద ఉంది. రోజూ చదువుతున్నాను. స్టెరాయిడ్ ఇంజెక్షన్లను డాక్టరు చీటీ లేకుండా అమ్మేవాళ్లనే కాదు, వేసుకునేవాళ్లను కూడా నేరస్థులుగా చూడాలనీ, వయసొచ్చిన మనిషి తన ఒంటికి తానే వేసుకున్నా సరే జైల్లో పెట్టాలనీ ప్రభుత్వానికి వకీలుగా నువ్వు రాసిన విన్నపం అది. మొదటి సంతకం అక్కది, రెండోది నీది. మూడో చోట నా పేరు టైపు కొట్టించి, పక్కన ‘శబరిని ఆస్పత్రికి తీసుకెళ్లిన మేనమామ’ అని వేయించావు. ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉంది. ఎందుకో ఈ ఉత్తరంలో చెబుతాను. కోపంతోనే చదువు, ఫరవాలేదు. చివరిదాకా చదివితే చాలు.

పోయిన నెల సింగానల్లూరు కల్యాణమండపంలో నువ్వు పెట్టిన సభకు నేనూ వచ్చాను. వెనక వరసలో ఫ్యాను కింద కూర్చున్నాను, నువ్వు చూసి ఉండవు. జిమ్ము నడిపే వేలు లేచి, నా ఒళ్లు నా ఇష్టం అక్కా, సారాయి అంగడి తెరిచి పెట్టి మమ్మల్ని మాత్రం లోపలేస్తారా అని అడిగాడు. సగం హాలు చప్పట్లు కొట్టింది. నువ్వు అరవలేదు, బల్ల గుద్దలేదు. మా తమ్ముడి ఒళ్లు వాడొక్కడిదే అయితే మా అమ్మ ఏంటికి రెండేండ్లుగా ఏడుస్తా ఉండాది అని మాత్రం అడిగావు. నాకు ఏడుపొచ్చింది, బయటికి వచ్చేశాను.

నువ్వన్నదాంట్లో న్యాయం లేదని నేననను. నీ తమ్ముడు శబరి, ఇరవై ఏడేళ్లవాడు, బంగారం లాంటి ఉద్యోగం ఉన్నవాడు, జిల్లా బాడీబిల్డింగు పోటీలో స్టేజీ ఎక్కాలని గుండెను పాడు చేసుకున్నాడు. చట్టం భయం ఉంటే ఆ సూది ముట్టుకునేవాడు కాదని నీ నమ్మకం. కావచ్చు. పెద్దవాళ్ల ఒంటి మీద సర్కారుకు ఏం హక్కని వేలు అంటాడు. అదీ కావచ్చు. ఎవరిది సరైందో తేల్చే చదువు నాకు లేదు, పదో క్లాసుతో ఆపి కాయిళ్లు చుట్టుకుంటున్నవాణ్ణి. భయం మనిషి చేత ఏం చేయిస్తుందో మాత్రం నాకు బాగా తెలుసు. నీకు ఇంతవరకూ చెప్పనిది అదే.

శబరి నా ఇంట్లో నాలుగేళ్లు ఉన్నాడు. వాడు ఇంజెక్షన్లు వేసుకుంటున్న సంగతి నాకు తెలియదని మీ అందరికీ చెప్పాను. తెలుసు తల్లీ. వాడు పోవడానికి ఏడు నెలల ముందే తెలుసు. బట్టల బీరువాలో చిన్న చిన్న సీసాలు కనపడితే నిలదీశాను. అందరూ వేసుకునేదే మామా, పోటీ అయినాక నిలిపేస్తాను, అమ్మకు మాత్రం చెప్పొద్దు అని బతిమాలాడు. సరే అన్నాను. వాడు అద్దం ముందు నిలబడి భుజాలు చూసుకుంటుంటే నాకూ ముచ్చటగానే ఉండేది. అది కూడా దాచకుండా రాస్తున్నాను.

రెండేళ్ల కింద ఆడి మాసంలో, అదే ఆషాఢంలో, ఆ ఆదివారం పొద్దున ఏడింటికి వాడు పెరట్లో కూర్చుని ఛాతీ పట్టుకున్నాడు. చొక్కా తడిసి ముద్దయింది. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాను. దారిలో నా చెయ్యి పట్టుకుని, మామా, డాక్టరు దగ్గర చెప్పేద్దామా అని అడిగాడు. నువ్వు గమ్మునుండు, నేను మాట్లాడుకుంటాను అన్నాను.

క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు చిన్నమ్మాయి, గుంటూరు వైపు నుంచి వచ్చిందట. మేం మాట్లాడుకునేది విని, మీరు తెలుగువాళ్లాండీ అని సంబరపడింది. తమిళంలో అడగడం మానేసి తెలుగులోకి దిగింది. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా అని అడిగాక, మందు అలవాటుందాండీ అంది.

మనింట్లో మందంటే ఏమిటో నీకు తెలుసు. జ్వరానికి మింగేదీ మందే, పత్తిచేలో కొట్టేదీ మందే. మూడో అర్థం మనకు లేదు. వీడి చేతులూ మెడా చూసి ఈ పిల్ల కనిపెట్టేసింది అనుకున్నాను. తలుపు పక్కనే పోలీసు బల్ల ఉంది, కానిస్టేబులు ఏదో యాక్సిడెంటు కేసు రాసుకుంటున్నాడు. వీడి ఉద్యోగం పోతుందనీ, పేపర్లో వస్తుందనీ, నేను స్టేషను చుట్టూ తిరగాలనీ ఒక్కసారిగా బుర్రలో తిరిగింది. లేదమ్మా, అట్లాంటి మందు ఏదీ లేదు, మంచి పిల్లోడు అన్నాను. ఆమె రాసుకుంది. ఇంకేమైనా చెప్పాల్సింది ఉందా అని మళ్లీ అడిగింది. ఏమీ లేదన్నాను. శబరి మంచం మీద నుంచి నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను.

చిన్న వయసు, ఏ అలవాటూ లేదు, రోజూ బరువులు ఎత్తుతాడు. కండరం పట్టేసి ఉంటుందనుకున్నారు. మొదటి ఈసీజీలో తేడా స్పష్టంగా లేదట. నొప్పి మందిచ్చి పడుకోబెట్టారు. రక్తం రిపోర్టు వచ్చి, పెద్ద డాక్టరు పరుగెత్తుకొచ్చేసరికి పన్నెండు దాటింది. సాయంత్రానికి వాడు లేడు. సీసాల సంగతి నేను చెప్పింది అప్పుడు, అంతా అయిపోయాక. ఆ పెద్ద డాక్టరు నన్ను పక్కకు పిలిచి, పొద్దున్నే చెప్పి ఉంటే రక్తం గడ్డ కట్టిందేమోనని ముందే చూసేవాళ్లం, బతికేవాడో లేదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు అన్నాడు. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంకొక సంగతి. ఆరు నెలల కింద ఒంగోలు లారీ డ్రైవరు ఒకతను బండి స్టార్టు చేసే సెల్ఫు మోటారు కాలిపోయి మా షాపుకు వచ్చాడు. నేను కాయిలు చుడుతుంటే పక్కన కూర్చుని కబుర్లు చెబుతూ, మీకు మందు అలవాటుందా పెద్దాయనా అని అడిగాడు. ఉంది, షుగరుకు రెండు పూటలా అన్నాను. అతను కడుపు పట్టుకుని నవ్వాడు. వాళ్ల వైపు మందంటే తాగుడట. నేనూ నవ్వాను. నవ్వుతుండగానే ఆ డాక్టరమ్మ అడిగింది గుర్తొచ్చింది. ఆమె అడిగింది బ్రాందీ గురించి చారూ. ఆమెకు ఏ అనుమానమూ లేదు. పోలీసులను పిలిచే ఉద్దేశమూ లేదు. ఎవరూ అడగని ప్రశ్నకు నేను అబద్ధం చెప్పాను.

మీ అత్తకు చెబితే, వాడు తాగేవాడు కాదుగదా, నువ్వు చెప్పింది నిజమేగదా అని ఓదార్చబోయింది. నాకు ఓదార్పు కలగలేదు. నేను నిజం చెప్పాలని చెప్పలేదు, దాచాలని చెప్పాను. పదాల పొరపాటు దేవుడికి నవ్వు తెప్పిస్తుందేమో గాని నా తప్పును మాఫీ చేయదు.

ఇప్పుడు నువ్వే ఆలోచించు. ఆ రోజు ఒంటికి వేసుకోవడం నేరం కాదు. ఈ రోజూ కాదు. ఇవేవీ తెలియని నేను, లేని చట్టానికి భయపడి నోరు మూసుకున్నాను. నిజంగానే ఆ చట్టం వస్తే రేపు క్యాజువాలిటీ తలుపు దగ్గర నిలబడేవాళ్లంతా ఏం చెబుతారు? స్నేహితుడు లేదంటాడు, పెళ్లాం లేదంటుంది, కన్నతల్లి కూడా లేదనే అంటుంది. అమ్మినవాణ్ణి పట్టుకో, జిమ్ముల్లో అంటగట్టేవాణ్ణి పట్టుకో. దానికి పది కాగితాలు పంపు, పది సంతకాలు పెడతాను. ఈ కాగితం మీద మాత్రం నా చెయ్యి రావడం లేదు.

నేనిక్కడ రాసినదంతా నువ్వు ఏ కోర్టులో చెప్పమన్నా వచ్చి చెబుతాను. అక్కకు చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం. నన్ను క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు, అందుకే అడగడం లేదు.

ఇట్లు, నీ మంచి కోరే,
మేనమామ పళనిసామి.

తా.క. శనివారం మధ్యాహ్నం. ఈ ఉత్తరం కొరియరుకు ఇద్దామని కవరు వెతుకుతుంటే కణ్ణన్ వచ్చాడు. తిరుప్పూరులో పని ముగించుకుని నీ దగ్గరికి రావాల్సినవాడు దారి మళ్లి ఇక్కడికొచ్చాడు. మా మేడ మెట్లు పదహారు ఎక్కాక, ఆయాసం తగ్గి మాట్లాడటానికి చాలాసేపు పట్టింది. నేను సంతకం పెట్టలేదని అక్క ఫోనులో చెప్పిందట. అయితే నాకు చెప్పుకోవచ్చనుకున్నాడట.

అతనూ ఆ ఇంజెక్షన్లే వేసుకుంటున్నాడు చారూ. శబరీ అతనూ కలిసే మొదలుపెట్టారట. శబరి పోయాక మానేశాడు, మానేస్తే ఒళ్లు కూలబడిపోయి మళ్లీ పట్టుకున్నాడు. నెల రోజులుగా సాయంత్రమయ్యేసరికి కాళ్లు వాస్తున్నాయి, పడుకుంటే ఊపిరాడటం లేదు. నా బీపీ మిషను పెట్టి చూస్తే నూట తొంభై చూపించింది. ఇప్పుడే ఆస్పత్రికి పోదాం రమ్మంటే వెళ్లిపోతానని లేచి నిలబడ్డాడు. వేణాం మామా, వద్దు, రిపోర్టులో రాసేస్తారు, టీవీలో మాట్లాడిన వకీలమ్మ మొగుడే సూది వేసుకుంటా ఉండాడంటారు, చారు తలెత్తుకోలేదు అన్నాడు. నీకు చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. నీకు మళ్లీ ఫోను చేశాను, నువ్వు ఎత్తలేదు.

ఒట్టు తప్పుతున్నాను. నన్ను నమ్మి వచ్చినవాడి నమ్మకం పోగొడుతున్నాను. ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. అతను తెలుగు మాట్లాడతాడు గాని చదవలేడు. చదువంతా తమిళంలోనే కదా. మనింట్లో ఈ అక్షరాలు వచ్చింది నీకూ నాకే. సంతకం సంగతి రాశాను, చారుకివ్వు అంటే తలూపి జేబులో పెట్టుకున్నాడు. బస్సు వద్దని టాక్సీ నడిపే కాళి కారు మాట్లాడాను. దారిలో ఆయాసమెక్కువైతే అడగకుండా ఆస్పత్రికి తిప్పమని కాళికి చెప్పాను.

నువ్వు ఇది చదువుతుంటే అతను నీ ఎదురుగా నిలబడి నీ ముఖమే చూస్తుంటాడు. వకీలులా అడగకు. ఇవాళే తీసుకెళ్లు, రాత్రయినా సరే. డాక్టరుకు అన్నీ నువ్వే చెప్పు. అతను కోలుకుని ఇంటికొచ్చాక ఆ విన్నపం తీసి ఇంకోసారి చదువు. అప్పుడు కూడా నీకు అదే చట్టం కావాలనిపిస్తే కాగితం పంపు తల్లీ, సంతకం పెడతాను.